గుప్పెడు తవుడు

మొన్న కార్తీకమాసంలో గోదావరి స్నానానికని రాజమహేంద్రవరం వెళ్ళాం. రేవు మెట్ల పక్కన ఒకతను ఇనపతీగె పంజరంలో తెల్ల ఎలుకల్ని పెట్టుకుని ఆడిస్తున్నాడు. పంజరంలో ఒక చిన్న చక్రం, దాని మీద ఒక ఎలుక. అది పరుగెడుతుంటే చక్రం గిరగిరా తిరుగుతోంది. జనం విరగబడి చూస్తున్నారు. నేనూ మా పెద్దమ్మాయీ తడిబట్టలతోనే నిలబడిపోయాం. అమ్మాయి నా చెవి దగ్గరికి వంగి, "మా అన్నయ్య మునిమనవడేమో కనుక్కో అమ్మా!" అని పకపకా నవ్వింది. పక్కనున్నావిడ మా ఇద్దరినీ అదోలా చూసి కాస్త ఎడంగా జరిగింది. మా ఇంట్లో ఎలుకలకీ మనుషులకీ చుట్టరికం ఉందని పాపం ఆవిడకేం తెలుసు!

ఆ చుట్టరికం కలిపినవారు మా మామగారు. ఆయన పోయి చాలా కాలమైంది. ఆయన ఎప్పుడు పుట్టారు, ఎంత సంపాదించారు, ఎన్ని తగువులు తీర్చారు అన్నవి చెప్పడానికి ఊళ్ళో నాకంటే బాగా తెలిసినవాళ్ళున్నారు. నాకు తెలిసింది ఆయన గొంతు. కాపరానికి వెళ్ళిన కొత్తలో ఆయన నాకు గొంతు మాత్రమే. ముఖం సరిగ్గా చూడటానికే ఏడాది పట్టింది.

అప్పట్లో మా వైపు కోడలు మామగారి ఎదటపడకూడదు, ఆయనతో మాట్లాడకూడదు. ఆయన వీధిగుమ్మంలోనే గట్టిగా దగ్గేవారు. ఆ దగ్గు వినగానే నేను ఎక్కడున్నా లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని. ఆయన వచ్చి నడవలో ఉయ్యాలబల్ల మీద కూర్చునేవారు. ఏమైనా కావలసివస్తే వంటింటి గుమ్మాన్ని అడిగేవారు. నన్ను కాదు, గుమ్మాన్నే.

"ఏమ్మా గుమ్మం, కాసిని మంచినీళ్ళు దొరుకుతాయా?"

నేను చెంబు గడప అవతలికి తోసేదాన్ని. ఆయన తాగి, "చల్లగా ఉన్నాయి, తూకం సరిపోయింది" అనేవారు. ఆయన ధాన్యం వ్యాపారి. మనసుకు నచ్చినదేదైనా ఆయన లెక్కలో తూకం సరిపోయినదే. మజ్జిగ సరిపోయేది, వాన సరిపోయేది, హరికథ కూడా సరిపోయేది. జవాబు చెప్పవలసివస్తే నేను గాజులు కదిపేదాన్ని. ఒకసారి మోగితే ఔను, రెండుసార్లు మోగితే కాదు. ఈ ఏర్పాటు ఎవరు మొదలుపెట్టారో నాకు గుర్తులేదు గానీ, మా ఇద్దరికీ బాగా అలవాటైపోయింది.

మా అత్తవారి ఊరు నిడదవోలుకు కొంచెం ఎగువన, కాలువ గట్టు మీద. పుట్టిల్లు గోదావరికి అవతల, కడియం దగ్గర. గోదావరి మీద రైలువంతెన కట్టకముందు మాట ఇది. పుట్టింటికి వెళ్ళాలంటే పడవే గతి, వరదొస్తే అదీ లేదు. మా వారు రాజమహేంద్రవరంలో ఎఫ్.ఏ. చదువుతున్నారు, సెలవులకు మాత్రం కనపడేవారు. అత్తయ్యగారు మంచి మనిషే, కానీ ఆవిడ మాట్లాడుతుంటే మధ్యలో మరొకరు మాట పెట్టడానికి సందుండేది కాదు. ఆవిడతో మాట్లాడే వీలులేదు, మామగారితో మాట్లాడే హక్కులేదు. ఇంటినిండా మనుషులున్నా నా నోటికి పనిలేదు. కొన్నాళ్ళకి తిండి మీద కూడా మనసు పోయింది. పెరట్లో బట్టలు ఆరేస్తూ కాలువలో తూర్పుకు పోయే పడవల్ని చూసి కళ్ళు తుడుచుకునేదాన్ని. ఈ ఇంట్లో నేను నిలదొక్కుకోలేనేమోనని నిజంగానే భయం వేసేది.

ఇక ఎలుకల సంగతి. మామగారికి రెండు ధాన్యం పడవలుండేవి. కాకినాడ రేవులో రంగూను ఓడ దిగినవాడొకడు ఒకసారి ఆయన పడవలో ప్రయాణం చేసి, దిగేటప్పుడు ఒక చెక్కపెట్టె ఆయన చేతిలో పెట్టిపోయాడట. అందులో రెండు తెల్ల ఎలుకలు, ఎర్రటి కళ్ళు. పడవ మన కాలువలోకి వచ్చేసరికి రెండు కాస్తా తొమ్మిదయ్యాయి. పెట్టెతో సహా కాలువలో పడేద్దామని పడవవాళ్ళు అంటే ఈయన ఒప్పుకోలేదు. నడవ చివర పాత భోషాణం ఒకటుంటే దాని మూత ఊడదీయించి, ధాన్యం జల్లించే ఇనపజల్లెళ్ళు పరిపించి, అడుగున ఊక పోయించి ఎలుకల్ని కాపరం పెట్టించారు.

ఊరంతా ధాన్యం. ప్రతి ఇంటికీ గాదె, ప్రతి గాదెకీ ఎలుకలు. ఎలుకంటే పగలేనివాడు ఆ ఊళ్ళో లేడు. మా ఇంట్లోనే పిల్లులుండేవి, పడవకొకటి, గాదెకొకటి. వాటికి రోజూ పాలుపోసి పెంచేదే ఎలుకల్ని పట్టడానికి. అలాంటి ఇంట్లో ఆ పిల్లుల కళ్ళముందే ఇవి రాజభోగం అనుభవిస్తుంటే అత్తయ్యగారికి ఒళ్ళు మండేది.

"ఊరందరూ ఎలకల్ని చంపుకోలేక చస్తుంటే ఈయనగారు వాటికి పురుళ్ళు పోస్తున్నారమ్మా! నా పురుళ్ళన్నిటికీ పడవ మీద ఉన్నారు. ఒక్కసారైనా గుమ్మంలో నిలబడ్డారా? ఇప్పుడీ ఎలకమ్మకి నొప్పులొచ్చాయని కాకినాడ ప్రయాణం ఆపుకున్నారు!"

మామగారు ఉయ్యాల ఊపుకుంటూ తాపీగా చెప్పేవారు. "జీవితమంతా ఎలకలు నా ధాన్యం దొంగతనంగా తిన్నాయే. ఇవి నా కళ్ళముందు తింటాయి. ఎంత తిన్నాయో నాకు తెలుస్తుంది. వ్యాపారికి అంతకంటే ఏం కావాలి?"

సాయంత్రం రేవు నుంచి వచ్చేటప్పుడు కొనబోయే ధాన్యం మచ్చు కండువా చెంగున కట్టుకొచ్చేవారు. ఒక్కొక్క గింజ పంటికింద పెట్టి నొక్కి, సగం తను నమిలి, సగం జల్లెట్లోంచి లోపలికి వేసేవారు. అవి ఎగబడి తింటే బేరం ఖాయం. మూతి తిప్పుకుంటే, "ధాన్యం వాసన పట్టిందోయ్, మావాళ్ళు ముట్టడంలేదు" అని బేరానికి వచ్చినవాణ్ణి పంపేసేవారు. బజార్లో ఆయన్ని ఎలకల ఆసామి అనేవారు. ఆయన విని సంతోషించేవారే గానీ కోప్పడేవారు కాదు.

నేను వెళ్ళిన ఏడాది తొలకరి రోజుల్లో ఒక తల్లి ఎలుక ఎనిమిది పిల్లల్ని పెట్టింది. పుట్టిన ఎలుకపిల్లకు వెంట్రుకలుండవు, కళ్ళు తెరవదు. చర్మం ఎంత పల్చనంటే, పాలు తాగిన పిల్లకు పొట్టలో పాలు తెల్లగా బయటికే కనపడతాయి. మామగారు రోజూ ఊకలో చెయ్యి రుద్దుకుని, ఆ తెలుపు చూసి మరీ సంతృప్తిపడేవారు. ఆ ఈతలో ఏడింటికి తెలుపుంది. కడగొట్టుదానికి లేదు. చిక్కుడుగింజ కంటే చిన్నది. మిగిలినవి తోసేస్తే మూలకు దొర్లిపోతోంది. ఆయన పెద్దపిల్లల్ని కాసేపు వేరే గిన్నెలోకి తీసి, తల్లి దగ్గర దీన్నొక్కదాన్నే వదిలి చూశారు. పట్టుకుని తాగే సత్తువ కూడా దానికి లేదు.

నోట్లో పాలు వెయ్యాలంటే ఆయన చెయ్యి పనికిరాదు. కుర్రతనంలో పడవతాడు బిగుసుకుని కుడిచేతి వేళ్ళు రెండు వంగకుండా అయిపోయాయి. ఆ సాయంత్రం వచ్చి ఉయ్యాల మీద కూర్చున్నారు. తరవాత గొంతు సవరించుకున్నారు.

"ఏమ్మా గుమ్మం, ఈ ఇంట్లో దీపారాధనకి వత్తులు అంత సన్నగా చేస్తున్నదెవరో నీకు తెలుసా?"

గాజులు ఒకసారి మోగాయి.

"ఆ వేళ్ళతో నాకు పనిపడింది. ఎలకంటే భయమేమో?"

రెండుసార్లు మోగించాను. నిజానికి నాకు చచ్చేంత భయం. గాజులతో అబద్ధం ఆడటం ఎంత తేలికో ఆరోజే తెలిసింది.

ఒక కొబ్బరిచిప్పలో దూది పరిచి, అందులో ఆ పిల్లను పెట్టి, చిప్ప తెచ్చి గడప మీద ఉంచారు. తరవాత వెళ్ళి ఉయ్యాలబల్ల మీద నాకు వీపు పెట్టి, గోడకేసి తిరిగి కూర్చున్నారు. నేను గుమ్మం దాటి వచ్చినా ఆయన కంటపడకూడదు గదా! ఊళ్ళో పెద్దమనుషులందరూ లేచి నిలబడే మనిషి, ఒక కొత్తకోడలు ఎలుకపిల్లకు పాలుపట్టడానికి వీలుగా గోడకేసి చూస్తూ కూర్చోవడం తలుచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది, ఆ వెంటనే కళ్ళనీళ్ళూ వస్తాయి.

గోడతోనే చెప్పారు. "ముందు చెయ్యి ఊకలో రుద్దుకోవాలి. మనిషి వాసన తగిల్తే తల్లి దగ్గరికి రానివ్వదు. పాలల్లో గోరువెచ్చటి నీళ్ళు కలపాలి. వత్తి ముంచి మూతికి తాకించాలి, అంతే, పిండకూడదు, ఊపిరాడదు. తాగాక తడిదూదితో పొట్ట మీద మెల్లిగా రాయాలి. తల్లి నాకినట్టు ఉండాలి. అలా రాస్తేనే ఉచ్చపోసుకుంటుంది, లేకపోతే కడుపుబ్బి పోతుంది."

అరచేతిలో దాని గుండె కొట్టుకుంటుంటే నా భయం ఎటుపోయిందో తెలియదు. పూటపూటకీ వత్తి ముంచేదాన్ని. పొయ్యికి పక్కగా, మరీ వేడి తగలనిచోట చిప్పను పెట్టేదాన్ని. మామగారు రేవు నుంచి రాగానే మంచినీళ్ళు కూడా అడక్కుండా, "ఏమ్మా గుమ్మం, తెలుపు కనపడిందా?" అనేవారు. రెండుసార్లు గాజులు. ఆయన నిట్టూర్చి కండువా తీసి దులుపుకునేవారు.

ఒకరోజు ముసురుపట్టింది. పొద్దున్న చూసేసరికి పిల్ల చల్లబడిపోయింది. వత్తి మూతికి తాకిస్తే నోరు తెరవలేదు. అత్తయ్యగారు తొంగిచూసి, "పోయేదాన్ని పోనివ్వక ఎందుకమ్మా నీకీ యాతన? తలంటుకుని మడికట్టుకో, పో" అన్నారు. జాలితోనే అన్నారు, కానీ నాకు పట్టలేని దుఃఖం వచ్చింది. అది పోతే ఆ ఇంట్లో నాతో మాట్లాడేవాళ్ళు ఉండరు. గుమ్మాన్ని మళ్ళీ మంచినీళ్ళు మాత్రమే అడుగుతారు.

అప్పుడు మా తమ్ముడు గుర్తొచ్చాడు. మా అమ్మకు పుట్టినవాళ్ళు పుట్టినట్టే పోతుంటే, వాడు పుట్టగానే చేటలో తవుడు పోసి, అందులో పడుకోబెట్టి, ఎదురింటి అవ్వకు గుప్పెడు తవుడుకు అమ్మేశారు. అమ్మానని ఒకరు, కొన్నానని ఒకరు ముమ్మారు అనుకోవాలి. అమ్మేశాక బిడ్డ మనది కాదు. మన బిడ్డ కోసం వచ్చిన మృత్యువు, వీడు వీళ్ళవాడు కాదనుకుని వెనక్కిపోతుందని నమ్మకం. కొన్నావిడ తరపున తల్లే పెంచుతుంది. అందుకే మా వైపు ఊరికొక తవిటయ్య, వీధికొక తవిటమ్మ ఉంటారు. మా తమ్ముడు అలాగే బతికాడు.

సాయంత్రం దగ్గు వినపడేవేళకి చేటలో తవుడు పోసి, మధ్యలో పిల్లనుంచి గడప మీద పెట్టాను. పక్కన ఇత్తడిగిన్నెలో ఒక గుప్పెడు తవుడు వేరే పెట్టి, తలుపు చాటుకు వెళ్ళాను. ఇంత చిన్న ప్రాణికి ఇదేం వేళాకోళమని కోప్పడతారేమో!

ఆయన వచ్చి చూశారు. తరవాత ఉయ్యాల గొలుసులు మోగాయి.

"ఏమ్మా గుమ్మం, ఎవరో నా ఎలకని కొనడానికి వచ్చినట్టున్నారే. సరుకు నాదే, అమ్ముతాను. కానీ గుప్పెడేనా? నేను ధాన్యం వ్యాపారిని. ఇంకో గుప్పెడు వేస్తేగానీ గిట్టదు."

ఏడుపులో నవ్వొచ్చేసింది. చెయ్యి ఒక్కటి చాచి ఇంకో గుప్పెడు వేశాను.

"అమ్మాను, అమ్మాను, అమ్మాను" అన్నారాయన, రేవులో పెద్ద సరుకు దింపేటప్పుడు వినపడే గొంతుతో.

కొన్నానని నేను అనాలి. నోరు విప్పకూడదు. ముమ్మారు గాజులు మోగించాను.

"గాజులు కొన్నాయి. తూకం సరిపోయింది" అని ఆయన పెద్దగా నవ్వారు. అత్తయ్యగారు లోపల్నుంచి పరుగెత్తుకొచ్చి, చేటనీ మామగారినీ చూసి నోటిమీద చెయ్యి పెట్టుకున్నారు. "మామకీ కోడలికీ కలిసి మతులు పోయాయి!"

మతులు పోతే పోయాయి. మర్నాటికి ముసురు విడిచింది. పొయ్యిపక్క వెచ్చదనానికో, బేరం మహిమకో, పిల్ల నోరు తెరిచింది. వత్తి మూడుసార్లు పీల్చింది. సాయంత్రం దీపం దగ్గర పెట్టి చూస్తే పొట్టలో దారమంత తెల్లటి గీత.

"ఏమ్మా గుమ్మం, తెలుపు కనపడిందా?"

ఒక్కసారే మోగాయి. ఆయన లేచి గబగబా వీధిలోకి వెళ్ళి, కట్ట మీద కూర్చున్న పడవవాళ్ళతో, "తూకం సరిపోయిందిరా!" అన్నారు. దేని తూకమో వాళ్ళకేం తెలుసు? "ఆయ్, చిత్తమండి" అన్నారందరూ.

దానికి తవిటయ్య అని పేరుపెట్టారు. తవిటయ్య తన తోబుట్టువులంత ఎప్పటికీ కాలేదు గానీ, మామగారి కండువా మడతలో కాపరం పెట్టాడు. పిలిస్తే తల బయటపెట్టేవాడు. ఒకసారి కాకినాడ షావుకారొకాయన బేరం మధ్యలో వాణ్ణి చూసి గంతేశాడట.

"మీ ధాన్యంలో ఎలకలున్నాయండి!"

"ధాన్యంలో కాదండి, కండువాలో ఉంది. అదీ నాది కాదు. మా కోడలికి ఎప్పుడో అమ్మేశాను. కాపలా కాస్తున్నానంతే."

ఆ రోజుల్లోనే ఇంకొక సంగతి జరిగింది. లాకుల దగ్గర పనిచేసే ఉద్యోగి ఒకాయన తన భార్య ముచ్చటపడుతోందని ఒక ఆడ ఎలుకను అడగడానికి వచ్చాడు. మామగారు రెండిచ్చారు. "ఒక్కటి చాలండి" అని ఆయన మొహమాటపడ్డాడు.

"ఒక్కదాన్ని పంపకూడదండి. ఆడపిల్లని కొత్తచోట ఒంటరిగా పెడితే తిండి మానేస్తుంది. తోబుట్టువుని పక్కన ఉంచాలి" అన్నారు మామగారు. అన్నాక ఉయ్యాల చప్పుడు ఆగిపోయింది.

మర్నాడు పెందరాళే ఒక పడవ గోదావరి వైపు వెళ్ళింది. అది తిరిగొచ్చినప్పుడు, బట్టల మూట చంకన పెట్టుకుని మా చెల్లెలు రేవులో దిగింది. నేను నమ్మలేకపోయాను. అత్తయ్యగారు బుగ్గలు నొక్కుకుని, "ఈ పిల్లనెవరు తెమ్మన్నారండీ?" అంటే, మామగారు గుమ్మానికేసి తిరిగి చెప్పారు. "ధాన్యం కోసమని అటు పంపాను. సరుకు దొరకలేదు. పడవ ఖాళీగా రావడమెందుకని మనవాళ్ళు ఏదో వేసుకొచ్చినట్టున్నారు."

చెల్లెలు ఆ వానాకాలమంతా మా ఇంట్లో ఉంది. అది వచ్చిన పూట నేను రెండుసార్లు మారు వడ్డించుకుని తిన్నాను. అత్తవారిల్లు మా ఇల్లుగా మారిన రోజేదని ఎవరైనా అడిగితే నేను ఆ రోజే చెబుతాను.

ఆ తరవాత రెండేళ్ళకు నేను కడుపుతో ఉన్నాను. తొలికాన్పు పుట్టింట్లో జరగాలి గదా, శ్రావణంలో ప్రయాణానికి ముహూర్తం పెట్టుకున్నారు. ఆ ఏడు గోదావరి ముందే పోటెత్తి పడవలన్నీ నిలిచిపోయాయి. వరద తీసేదాకా ఆగుదామనుకునేలోగా ఎనిమిదో నెలలోనే నొప్పులొచ్చాయి. ఆడపిల్ల. ఏడుపు కూడా గట్టిగా లేదు. రొమ్ము పట్టడం చాతకావడంలేదు. ఏడోనెల బిడ్డయినా నిలుస్తుంది గానీ ఎనిమిదోనెల బిడ్డ నిలవదని అప్పట్లో అందరి నమ్మకం. మంత్రసాని నా మొహం చూడకుండా సామాను సర్దుకుంది. అత్తయ్యగారు గోడకానుకుని కూర్చున్నారు. ఒక్కమాట లేదు. ఆవిడ మాట్లాడకుండా ఉండటం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. అది చూశాక నాకు ప్రాణాలు పోయాయి.

అప్పుడు దగ్గు వినపడింది. వీధిగుమ్మంలో కాదు, పురిటిగది గుమ్మంలో. మగవాళ్ళు ఆ దరిదాపులకు రాకూడదు. అత్తయ్యగారు గాభరాగా లేచారు. మామగారు చేట పట్టుకుని నిలబడ్డారు. చేటనిండా తవుడు.

"అమ్మాయ్" అన్నారు.

గుమ్మాన్ని కాదు, నన్నే.

"తవుడు తెచ్చాను. బిడ్డని అమ్ముతావా?"

చెయ్యి పైకి లేవనంత నీరసంగా ఉంది. ఎలాగో గాజులు ఒకసారి కదిపాను.

"ఉహుఁ. నోటితో చెప్పాలమ్మా. బిడ్డ బేరానికి గాజులు చెల్లవు."

నా గొంతు ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చింది. మొదటిసారి పెదాలు మాత్రమే కదిలాయి. రెండోసారి నాకు వినపడింది. మూడోసారి, "అమ్మాను మావయ్యగారూ!" అని అరిచాను. వీధిలోకి వినపడిందట.

"కొన్నాను, కొన్నాను, కొన్నాను" అన్నారాయన. గుప్పెడు తవుడు తీసి నా మంచం పక్కన పెట్టించారు. "ఇంక ఇది నా పిల్ల. నీది కాదు గనక నీకు దిగులక్కర్లేదు. నా తరపున పెంచిపెట్టు. ఎలా పెంచాలో నీకు తెలుసు కదా."

తెలుసు. నిజంగా నాకు తెలుసు! ఆ మాటతో నాకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది. దూది తెమ్మన్నాను. సన్నటి వత్తులు చేశాను. నా పాలే వెండిగిన్నెలోకి పిండి, వత్తి ముంచి పెదవికి తాకించాను. అలిసిపోతే ఆగాను, మళ్ళీ తాకించాను. తవుడు వేయించి మూటకట్టి పక్కన వెచ్చగా పెట్టించాను. ఆ తవుడు వేయించింది అత్తయ్యగారే. మాట తిరిగొచ్చింది, దాంతోపాటు కేకలూ తిరిగొచ్చాయి. "నా మనవరాల్ని ఎలకపిల్లని పెంచినట్టు పెంచుతారటమ్మా! ఎక్కడైనా ఉందా ఈ చోద్యం! ఏదీ, ఆ మూట చల్లారింది, ఇలా ఇవ్వు!" ఆ కేకలు నా చెవులకు ఎంత హాయిగా ఉన్నాయో చెప్పలేను.

సాయంత్రం అవగానే నడవలోంచి వినపడేది. "తెలుపు కనపడిందా?"

మనిషి బిడ్డకు తెలుపు కనపడదు. ఆయనకూ తెలుసు. నేను మాత్రం ఒకసారి గాజులు మోగించేదాన్ని. మొదట్లో అది మళ్ళీ గాజుల అబద్ధమే. ఓ పది పదిహేను రోజులు పోయాక పిల్ల రొమ్ము పట్టి గుటకలేస్తుంటే, ఆ మోత నిజమైంది.

పేరు దగ్గర పెద్ద యుద్ధం జరిగింది. తవిటమ్మ అన్నారు మామగారు. అత్తయ్యగారు శివాలెత్తారు. "లక్ష్మీదేవిలాంటి పిల్లకి ఎలక పేరా!"

"ఆ పేరుతో ఒకడు బతికి చూపించాడా లేదా?" అన్నారాయన. ఆ పేరే ఖాయమైంది. తవిటయ్య అప్పటికే ముసలివాడు. అయినా అన్నప్రాశన రోజున కండువా మడతలోంచి తల బయటపెట్టి, చెల్లెలు తవిటమ్మ పరమాన్నంలో తన వంతు తిన్నాడు. ఆ వేసవిలో పోతే జాజిపాదు పక్కన పూడ్చాం. తవిటమ్మ పెద్దయ్యాక కూడా ఆ పాదు దగ్గర నిలబడి, "మా అన్నయ్య" అని చుట్టాలకు చూపించేది.

పురిటిగది గుమ్మంలో అంత మాట్లాడిన మనిషి నాతో మళ్ళీ మాట్లాడతారనుకున్నాను. అబ్బే, పురిటిస్నానం అయిన మర్నాడే, "ఏమ్మా గుమ్మం, మంచినీళ్ళు" అని మొదలుపెట్టారు. ఆచారం ఆచారమే. పిల్లకు మాటలొచ్చాక గుమ్మానికి ఆ ఉద్యోగం పోయింది. ఆయన మనవరాలికి చెప్పేవారు, నేను మనవరాలికి చెప్పేదాన్ని, అది మధ్యలో తనకు కావలసినవి కలుపుకుని చెప్పేది. "అమ్మ నాకు బెల్లమ్ముక్క పెట్టమంటోంది తాతా" అంటే, ఆయన వెంటనే పెట్టేవారు. "కాదు" అన్నట్టు నేను లోపల్నుంచి రెండుసార్లు గాజులు మోగించినా వినపడనట్టే ఉండేవారు.

తవిటమ్మకు ఏడో ఏడు నడుస్తుండగా ఆయన మంచం పట్టారు. ఎండాకాలం. భోషాణాన్ని తను పడుకున్నచోటికి జరిపించుకున్నారు. తవిటమ్మ గింజలు వేస్తుంటే తలగడ మీద నుంచి చూసేవారు. ఒకరోజు అత్తయ్యగారు గుళ్ళోకి వెళ్ళిన వేళ, రెండోసారి ఆ పిలుపు విన్నాను.

"అమ్మాయ్."

గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాను.

"గుప్పెడు తవుడు పట్టుకురా. నీ పిల్లని నీకు తిరిగి అమ్మేస్తాను. పోయేవాడి సొత్తుగా దాన్ని ఉంచకూడదు. బేరం తెంపేసుకుందాం."

ఆయన చెప్పింది సబబే. అందరూ అలాగే చేస్తారు. వంటింట్లోకి వెళ్ళి తవుడు కుండలో చెయ్యి పెట్టాను. గుప్పిట నిండింది. తీసుకుని రెండడుగులు వేసి ఆగిపోయాను. ఇది ఇస్తే ఆయనకూ మాకూ లెక్క తీరిపోతుంది. తీరడం నాకు ఇష్టంలేదు. అంతే. తవుడు మళ్ళీ కుండలో పోసేసి, ఖాళీ చేతులతో వెళ్ళాను. కొంగు సవరించుకుని మొదటిసారి ఆయన కళ్ళలోకి చూశాను.

"నేను కొనను మావయ్యగారూ."

"ఏం, ధర ఎక్కువా?"

"ధర మాటకేం లెండి. సరుకు మీ దగ్గరుంటేనే భద్రమండి."

ఆయనకు నవ్వు మొదలైంది. మంచం కిర్రుకిర్రుమనేదాకా, దగ్గొచ్చేదాకా నవ్వారు. తవిటమ్మ గింజలు వదిలేసి పరుగెత్తుకొచ్చి, "ఏంటి తాతా, ఏంటి?" అని గోలపెట్టింది.

"మీ అమ్మ నిన్ను వద్దంటోందే. నేనే ఉంచుకోవాలట" అన్నారు. కళ్ళు తుడుచుకుని నాకేసి తిరిగారు. "తూకం సరిపోయిందమ్మాయ్."

తవిటమ్మ ఇప్పుడు ముగ్గురు పిల్లల తల్లి. రేవు మెట్ల మీద తడిజుట్టు పిండుకుంటూ అలా నవ్వింది ఆ పిల్లే. మీ అమ్మాయా అని ఎవరైనా అడిగితే మొహమాటానికి ఔనంటాను. అది మా మామగారి పిల్ల. నేను పెంచిపెడుతున్నాను.